ఉతాదా హికారు ఆల్బములు: ఏ వరుసలో వినాలి?

వానచినుకు

అందరికీ నమస్కారం. 2022 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన జపాన్ ధారావాహిక 'ఫస్ట్ లవ్' ఈమధ్యనే చూశాను. ఆ కథ రెండు పాటల చుట్టూ అల్లుకున్నది. ఒకటి 1999 నాటి 'ఫస్ట్ లవ్', రెండోది 2018 నాటి 'హత్సుకోయ్'. రెండూ జపాన్ గాయని ఉతాదా హికారు రాసి, బాణీ కట్టి, పాడినవే. కథ ముగిసినా ఆ గొంతు నన్ను వదలలేదు. అందుకని మొదటి ఆల్బమ్ 'ఫస్ట్ లవ్', ఆ వెంటనే 2022 నాటి 'బ్యాడ్ మోడ్' విన్నాను. గొంతు ఒకటేనని తెలుస్తూనే ఉంది, సంగీతం మాత్రం ఎక్కడి నుంచి ఎక్కడికో వెళ్ళిపోయింది. ఈ మధ్యలో ఏం జరిగింది?

నాకు జపనీస్ రాదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు? వరుసగా వినాలా, ఏరుకుని వినాలా? ఇంగ్లిష్‌లో చేసిన ఆల్బములు కూడా ఉన్నాయట, అవి వినదగ్గవేనా? తొందరేమీ లేదు, ఓపికగా వింటాను.

చెవికోసుకుంటా

వరుసగా వినండి, వానచినుకు గారూ. ఏరుకుని వింటే మంచి పాటలు దొరుకుతాయి కానీ ఆ మనిషి దొరకదు.

ఉతాదా 1983 జనవరి 19న న్యూయార్క్‌లో పుట్టింది. తండ్రి ఉతాదా తెరుజానే సంగీత నిర్మాత. తల్లి ఫుజీ కేయికో పేరుమోసిన ఎన్కా గాయని. ఎన్కా అంటే జపాన్ పాతకాలపు విషాద జనరంజక గీతాల బాణీ. చిన్నతనం చాలావరకు స్టూడియోల్లోనే గడిచింది. అమ్మానాన్నలతో కలిసి యూ3 అనే బృందంగా, తరువాత విడిగా క్యూబిక్ యూ పేరుతో ఇంగ్లిష్‌లో పాడింది. 1998 డిసెంబరు 9న జపనీస్‌లో తొలి సింగిల్ 'ఆటోమేటిక్' వచ్చింది. అప్పటికి 15 ఏళ్ళు. ఆ రోజుల్లో జపాన్‌లో సింగిల్ అంటే అరచేతిలో ఇమిడే 8 సెంటీమీటర్ల సీడీ. 'ఆటోమేటిక్' ఆ చిన్న సీడీగానూ, మామూలు 12 సెంటీమీటర్ల సీడీగానూ ఒకేరోజున దుకాణాలకు వచ్చింది. వీడియోలో ఏముంది? తల తగిలేంత తక్కువ ఎత్తున్న గది, ఒక సోఫా, నడుము వంచి ఊగుతూ పాడే అమ్మాయి. కింద అమెరికా ఆర్ అండ్ బీ లయ, పైన జపనీస్ మాటలు. దేశం మొత్తం అటు తిరిగింది.

1999 మార్చి 10న 'ఫస్ట్ లవ్' ఆల్బమ్ వచ్చింది. జపాన్‌లో రికార్డుల అమ్మకాలు లెక్కగట్టే ఓరికాన్ సంస్థ లెక్కల్లో 76 లక్షల ప్రతులు దాటింది. జపాన్‌లో ఇంతకన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ నేటికీ లేదు. ఆ పేరుగల పాట ఎత్తుకోవడమే చివరి ముద్దుతో ఎత్తుకుంటుంది, ఆ ముద్దులో పొగాకు రుచి ఉంటుంది. తొలిప్రేమ పాటను వీడ్కోలుతో మొదలుపెట్టిన ఆ రచయిత్రికి 16 ఏళ్ళు! 2021లో వచ్చిన మరో పాట పేరు 'వన్ లాస్ట్ కిస్'. ఈ రెండు చివరి ముద్దుల మధ్య ఉన్న రికార్డులన్నీ విన్నాకే రెండోదాని బరువు తెలుస్తుంది. వరుసగా వినమనడానికి నా కారణం ఇదే.

పాతక్యాసెట్టు

నాది వేరే సలహా. 2016 నాటి 'ఫాంటోమ్'తో మొదలుపెట్టండి. 76 లక్షలన్న అంకె చెవిలో పడ్డాక 'ఫస్ట్ లవ్'ను పాటలుగా వినడం కష్టం. చారిత్రక సంఘటనగా వింటాం. పైగా 1999 నాటి శబ్దం ఆనాటి స్టూడియో పద్ధతులకు కట్టుబడినది. అరేంజ్‌మెంట్లు, అంటే వాద్యాల కూర్పు, ఎక్కువగా ఇతరులవి. ఆ పేరుగల పాటకు అరేంజ్‌మెంట్ చేసింది కవానో కేయ్. ఉతాదా తన ఇంటిని తానే కట్టుకోవడం తరువాతి మాట. కట్టడం పూర్తయిన ఇల్లు ముందు చూడండి, పునాదులు తరువాత తవ్వుకోవచ్చు.

'ఫాంటోమ్' గురించి విడిగా రాస్తాను, అది రెండు ముక్కల్లో తేలదు.

లయకారి

పునాదిలోనే ఒక అద్భుతం ఉంది, పాతక్యాసెట్టు గారూ. దాన్ని దాటిపోనివ్వను.

'ఆటోమేటిక్' మొదటి పంక్తి చూడండి. ఫోను ఏడోసారి గంట మోగినప్పుడు ఎత్తావు అన్నది భావం. ఆ 'ఏడో' అన్న మాట తొలి అక్షరం దగ్గరే ఆగుతుంది, మళ్ళీ అందుకుంటుంది. 'గంట' అన్న మాట నడిమికి విరిగి, సగం ఈ ముక్కలో, సగం వచ్చే ముక్కలో పడుతుంది. జపాన్ సినిమా పాటల్లో, జనరంజక గీతాల్లో మాటను మాటగా, పదబంధాన్ని పదబంధంగా బాణీలో కూర్చోబెట్టడం వాడుక. ఈ పిల్ల అర్థాన్ని పక్కన పెట్టి అక్షరాన్ని లయకు అప్పగించింది. ఆ పంక్తి గురించి జపాన్ సంగీత విమర్శకులు నేటికీ రాస్తూనే ఉన్నారు.

మనకు ఇది వింతగా తోచకపోవచ్చు. పద్యం చదివే అలవాటున్న వాళ్ళకు మాట ఒక గణంలో మొదలై పక్క గణంలో ముగియడం, పాదం దాటి కింది పాదంలోకి దిగడం కొత్త కాదు. ఉత్పలమాలను గణాలుగా విరిచి చదివితే అర్థం ముక్కలవుతుంది, నడక మాత్రం నిలబడుతుంది. 'ఆటోమేటిక్'లో జరిగింది అదే. జపనీస్‌లో కూడా దాదాపు ప్రతి అక్షరమూ అచ్చుతో ముగుస్తుంది కాబట్టి ఎక్కడ విరిచినా గొంతు నిలవడానికి చోటు దొరుకుతుంది. భాష రాకపోయినా ఈ సంగతి చెవికి తెలుస్తుంది. వానచినుకు గారు ఈ ఒక్క పంక్తిని వేళ్ళ మీద తాళం వేసుకుంటూ వింటే చాలు.

ఒసాకా మేఘం

నేను ఉద్యోగరీత్యా ఒసాకాలో ఉంటున్నాను. ఇక్కడ నా వయసు వాళ్ళకు ఉతాదా పాటలు కారియోకేలో తప్పనిసరి. 'ఫస్ట్ లవ్' ఎవరో ఒకరు పాడకుండా ఆ గది ఖాళీ కాదు. అయితే నేను చెప్పదలచుకున్నది వేరే పాట గురించి.

రెండో ఆల్బమ్ 'డిస్టెన్స్' 2001 మార్చి 28న వచ్చింది. అదే రోజున మరో పేరుమోసిన గాయని హమసాకి అయుమి 'ఎ బెస్ట్' కూడా విడుదలైంది. పత్రికలన్నీ పందెంలా చూశాయి. తొలి వారంలో 'డిస్టెన్స్' 30 లక్షలు దాటింది, రెండోది 28 లక్షలు దాటింది. ఇక్కడివాళ్ళు ఆ వారాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. అమ్మకాల మాట అంతటితో వదిలేస్తాను.

ఆ ఆల్బమ్‌లో 'డిస్టెన్స్' అనే పాట ఉంది. హుషారుగా సాగే పాట. దాన్ని నెమ్మదైన రూపంలో మళ్ళీ రికార్డు చేస్తున్న సమయంలో, 2001 జూన్ 8న, ఒసాకా ప్రాంతంలోని ఇకెదాలో ఒక ప్రాథమిక పాఠశాలలోకి దుండగుడు చొరబడి ఎనిమిది మంది పిల్లలను చంపాడు. ఆ పిల్లల్లో ఒక పాపకు ఉతాదా అంటే ఎంతో ఇష్టమని, ఆమెలా కావాలని కోరుకునేదని తరువాత తెలిసింది. జూలై 25న విడుదలైన 'ఫైనల్ డిస్టెన్స్'ను ఉతాదా ఆ పాపకు అంకితం చేశారు. మాటలు చాలావరకు అవే, బాణీ అదే. తాళం పోయింది, పియానో, తంత్రీ వాద్యాలు వచ్చాయి. మొదటి పాటలో దూరం అంటే ఇద్దరు ప్రేమికుల మధ్య చిన్న ఎడం. రెండోదానిలో ఆ దూరాన్ని ఎవరూ దాటలేరు. రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి. మొదటిది 'డిస్టెన్స్'లో, రెండోది 2002 నాటి 'డీప్ రివర్'లో ఉన్నాయి.

వరుసగా వినాలా అన్న ప్రశ్నకు ఇదే నా జవాబు. పాతదాన్ని వదిలిపెట్టకుండా మళ్ళీ చేతిలోకి తీసుకోవడం ఈ వ్యక్తి పద్ధతి. మొదటిది వినకపోతే రెండోది సగమే వినిపిస్తుంది.

గోదారిగట్టు

'డీప్ రివర్' మాట వచ్చింది కాబట్టి నేనూ కలుగజేసుకుంటాను. మన దేశంతో నిజంగా ముడిపడిన సంగతి ఇక్కడ ఉంది.

ఆ పేరు ఎండో షుసాకు 1993లో రాసిన 'డీప్ రివర్' నవలది. ఆ నవల మనుషులు జపాన్ నుంచి వారణాసికి ప్రయాణమవుతారు. భార్యను పోగొట్టుకున్నవాడు, యుద్ధంలో చావును దగ్గరగా చూసినవాడు, క్రైస్తవ గురువు కాబోయి ఎక్కడా ఇమడని ఒకడు. ఎవరి బరువు వాళ్ళు మోసుకుని గంగ ఒడ్డుకు చేరతారు. ఆ నది బతికినవాళ్ళనూ చచ్చినవాళ్ళనూ ఒకే నీటిలో కలుపుకుంటుంది. 19 ఏళ్ళ ఉతాదా ఆ నవల నుంచి తన ఆల్బమ్‌కు పేరు తీసుకుంది. ఆ పేరుగల పాట వింటుంటే నీటి మీద ఏదో మెల్లగా కొట్టుకుపోతున్నట్టు ఉంటుంది. నేను ఆల్బమ్ విన్నాక నవల చదివాను, నవల చదివాక మళ్ళీ ఆల్బమ్ విన్నాను. ఆ రెండోసారి వినడం వేరు.

అదే ఆల్బమ్‌లో 'ట్రావెలింగ్' ఉంది. శుక్రవారం, టాక్సీ, నగరం, నాట్యానికి పనికొచ్చే లయ. పైపైన వింటే వారాంతపు ఉల్లాసం. దాని నడుమ 'హెయికె మోనోగతారి' తొలి పంక్తుల్లోని ఉపమానాలు రెండు తెచ్చి పెట్టింది. వసంత రాత్రి కల, గాలి ముందు ధూళి. 'హెయికె' వాళ్ళ వీరగాథ. జపాన్‌లో బడి పిల్లలు దాని ప్రారంభాన్ని కంఠస్థం చేస్తారు. ఆ ప్రారంభం 'గియోన్ శోజా' గంట మోతతో మొదలవుతుంది. గియోన్ శోజా అంటే శ్రావస్తిలోని జేతవన విహారం! బుద్ధుడు ఎన్నో వర్షాకాలాలు గడిపిన చోటు. ఏదీ నిలవదని ఆ గంట చెబుతుందని కావ్యం అంటుంది. ఆ అనిత్యాన్ని తెచ్చి శుక్రవారం టాక్సీలో కూర్చోబెట్టింది ఉతాదా. ఇంత సులువుగా, ఇంత హాయిగా ఊగే పాటలో. నాకు ఆమె పాటలన్నిటిలో ఇదే ఇష్టం.

వానచినుకు

గోదారిగట్టు గారూ, 'ట్రావెలింగ్' ఇప్పుడే విన్నాను. మీరు చెప్పకపోతే అందులో వీరగాథ ఉందని ఎలా తెలిసేది! 'డిస్టెన్స్' రెండు రూపాలూ కూడా విన్నాను, ఒసాకా మేఘం గారు. రెండోదాని గురించి ఇంకా మాటలు రావడం లేదు.

'డీప్ రివర్'లోనే 'హికారి' అనే పాట ఉంది కదా. దాని ఇంగ్లిష్ రూపం నాకు పరిచయమే, చిన్నప్పుడు మా అన్నయ్య ఆడే వీడియో గేమ్‌లో విన్నాను. అలాంటప్పుడు ఇంగ్లిష్ ఆల్బముల సంగతి కూడా చెప్పండి.

చెవికోసుకుంటా

ఆ గేమ్ 'కింగ్‌డమ్ హార్ట్స్', 2002లో వచ్చింది. జపాన్‌లో 'హికారి', బయటి దేశాల్లో 'సింపుల్ అండ్ క్లీన్'. ఒకటి రెండోదానికి అనువాదం కాదు. బాణీ ఒకటే, మాటలు వేరుగా రాసినవి. తరువాతి ఆటకు 'ప్యాషన్', 'శాంక్చువరీ' కూడా అలాగే జంటగా వచ్చాయి. 'శాంక్చువరీ'లో కొన్ని మాటలను వెనక నుంచి ముందుకు తిప్పి వినిపిస్తారు. ఏదో తెలియని భాషలో ప్రార్థనలా ఉంటుంది.

విడి ఆల్బములు రెండు. 2004లో 'ఎక్సోడస్', 2009లో 'దిస్ ఈజ్ ద వన్'. రెండూ ఉతాదా అన్న ఒక్క పేరుతో అమెరికా శ్రోతల కోసం చేసినవి. వాటిని చివరికి ఉంచుకోండి. రెండోదానిలో అప్పటి అమెరికన్ రేడియో మూస ఎక్కువ. దాని నిర్మాతలు స్టార్‌గేట్, ట్రికీ స్టూవర్ట్ పనివాళ్ళుగా గట్టివాళ్ళే, కానీ వాళ్ళ అచ్చులో ఆమె రాత చిన్నబోయింది. ఆ ఆల్బమ్ నుంచి 'కమ్ బ్యాక్ టు మీ' చాలు.

నీలిగీత

'ఎక్సోడస్'ను చివరికి నెట్టేయడం అన్యాయం. అమెరికా నిర్మాత టింబలాండ్ కూడా పనిచేసిన ఆల్బమ్ అని అందరూ అతను చేసిన మూడు పాటల గురించే మాట్లాడతారు. 'క్రెమ్లిన్ డస్క్' వినండి. ఎడ్గార్ అలన్ పో ప్రస్తావనతో మాట్లాడుతున్నట్టు మొదలై, ఆగి, చివరికి డ్రమ్స్ విరుచుకుపడతాయి. వాయించింది మార్స్ వోల్టా అనే రాక్ బృందపు జాన్ థియోడోర్. ఐదు నిమిషాల్లో పాట ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో! అమెరికాలో ఆల్బమ్ పెద్దగా ఆడలేదు, నిజమే. అయినా 21 ఏళ్ళ వయసులో కంప్యూటర్ ముందు కూర్చుని తన శబ్దాన్ని తానే వెతుక్కోవడం ఇక్కడే ఊపందుకుంది. ఇది లేకపోతే 'అల్ట్రా బ్లూ' లేదు.

'అల్ట్రా బ్లూ' 2006 జూన్ 14న వచ్చింది. పాతక్యాసెట్టు గారు ఇల్లు కట్టుకోవడం అన్నారు కదా, ఆ పని జరిగింది ఈ ఆల్బమ్‌లో. దాదాపు అన్ని పాటల అరేంజ్‌మెంటూ ఆమెదే. నేపథ్యంలో పలికే గొంతులు కూడా ఆమెవే. ఒకే గొంతు పొరలు పొరలుగా తనకు తానే తోడు పాడుకుంటుంది. అందుకే అంత ఒంటరిగా ఉంటుంది ఆ ఆల్బమ్. 'బీ మై లాస్ట్' గొంతు చిట్లే అంచున ఉంటుంది. జపాన్ రచయిత మిషిమా నవల ఆధారంగా తీసిన 'స్ప్రింగ్ స్నో' సినిమా కోసం రాసినది. 'కాషర్న్' సినిమా కోసం రాసిన 'దారెకా నో నెగాయ్ గా కనావు కోరో'లో పియానో, గొంతు తప్ప దాదాపు ఏమీ లేదు. ఒకరి కోరిక తీరుతున్న వేళ మరొకరు ఏడుస్తుంటారన్నది దాని భావం. జనం ఈ ఆల్బమ్‌ను చల్లగా ఉందంటారు. నాకు మాత్రం ఉతాదా తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకుని చేసిన రికార్డు ఇది, అందుకే ఇంత దగ్గర.

రెండేళ్ళకు 'హార్ట్ స్టేషన్' వచ్చింది. తలుపు తీసుకుని బయటికి వచ్చినట్టు ఉంటుంది. 'ఫ్లేవర్ ఆఫ్ లైఫ్', 'ప్రిజనర్ ఆఫ్ లవ్' అందులోవే. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే పిల్లల పాటల కార్యక్రమం కోసం చేసిన ఎలుగుబంటి పాట 'బోకు వా కుమా' కూడా అక్కడే ఉంది. మా ఇంట్లో పిల్లలకు భాష రాకుండానే అది నోటికి వచ్చింది.

పాతక్యాసెట్టు

ఇప్పుడు 'ఫాంటోమ్' గురించి.

2010లో 27 ఏళ్ళ వయసులో ఉతాదా సంగీతం ఆపేసింది. మనిషిగా బతకడం నేర్చుకోవాలని, ఆ పనికి సమయం కావాలని చెప్పింది. డిసెంబరులో యోకోహామా అరీనాలో రెండు రోజులు కచేరీ చేసి వెళ్ళిపోయింది. ఆ విరామంలో వచ్చిన కొత్త పాట ఒక్కటే అనుకోవచ్చు. 2012 నవంబరులో 'ఎవాంజెలియన్' యానిమేషన్ సినిమాల్లో మూడోదాని కోసం 'సకురా నగాషి'. అప్పుడే విచ్చిన పూలు రాలిపోవడాన్ని చూస్తూ నిలబడిన, ఇక మళ్ళీ కలవలేని మనిషి గురించిన పాట.

2013 ఆగస్టు 22న తల్లి ఫుజీ కేయికో చనిపోయారు. ఆమె ఎవరో ఈ తరానికి చెప్పాలి. 1969లో రంగంలోకి వచ్చారు. 1970లో ఆమె మొదటి ఆల్బమ్ వరుసగా 20 వారాలు ఓరికాన్ మొదటి స్థానంలో నిలిచింది. బొంగురుగా, మొండిగా, చీకటిని దాచుకోకుండా పాడే గొంతు. ఆమె పాటలు దొరికితే వినండి. పంక్తి చివర గొంతు సన్నగా వణికే ఆ తీరు కూతురి గొంతులో ఎలా దిగిందో మీకే తెలుస్తుంది.

2016 ఏప్రిల్‌లో రెండు పాటలు ఒకేసారి వచ్చాయి. 'హనాతబా వో కిమి ని' ఎన్‌హెచ్‌కే ఉదయపు ధారావాహికకు శీర్షిక గీతం. 'మనాత్సు నో తోరియామే' మరో చానెల్‌లో రాత్రి వార్తల ముగింపు గీతం. జపాన్ ఇళ్ళలో పొద్దున్నే ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. రెండూ పోయిన తల్లిని ఉద్దేశించినవే. పొద్దుటి పాటలో పూలగుత్తి ఇచ్చి సాగనంపే నిబ్బరం ఉంది. రాత్రి పాటలో ఆ నిబ్బరం లేదు. ఆగని వాన, తీరని దాహం అన్న మాటలను చివర తిప్పి తిప్పి పాడుతూ ఉండగానే పాట అయిపోతుంది. లోకానికి కనబడే దుఃఖం ఒకటి, ఒంటరిగా ఉన్నప్పటి దుఃఖం ఒకటి. రెండూ నిజమే కాబట్టి రెండు పాటలు.

సెప్టెంబరు 28న ఆల్బమ్ వచ్చింది. లండన్‌లో, మనుషులు వాయించిన వాద్యాలతో, స్టీవ్ ఫిట్జ్‌మారిస్ మిక్సింగ్‌తో. అంతకుముందు ఆల్బముల్లో ఇంగ్లిష్ మాటలు విరివిగా దొర్లేవి. ఇక్కడ జపనీస్ మాటకు నిండు చోటు ఇచ్చింది. గాయని షియీనా రింగోతో కలిసి పాడిన 'నిజికాన్ దాకే నో వాకాన్స్' వంటి తేలిక పాటలు ఉన్నాయి. మగవాడి మాట, ఆడదాని మాట ఒకే గొంతులో పాడిన 'ఓరె నో కానోజో' ఉంది. అన్నీ అయ్యాక పదకొండోదిగా, చిట్టచివర 'సకురా నగాషి' పెట్టింది.

తల్లి బతికుండగా రాసిన పాట అది. తల్లి కోసం చేసిన ఆల్బమ్‌ను దానితో ముగించింది. ఒక్క అక్షరమూ మార్చకుండానే ఆ పాటకు అర్థం మారిపోయింది. ఆ ఏడాది జపాన్ రికార్డ్ అవార్డుల్లో ఉత్తమ ఆల్బమ్ ఇదే. అవార్డు రాకపోయినా నా మాట ఇదే: దీనితో మొదలుపెట్టిన శ్రోత ఉతాదాను వదిలిపెట్టలేరు.

చెవికోసుకుంటా

అద్భుతంగా రాశారు. కానీ మీ రాత నా వాదననే బలపరుస్తోంది. 'సకురా నగాషి'ని 2012 పాటగా ముందు ఎరిగినవాళ్ళకే చివర దాన్ని చూసినప్పుడు ఆ దెబ్బ తగులుతుంది. తల్లి గొంతు, మొదటి ఆల్బముల గొంతు తెలియకుండా 'ఫాంటోమ్'లోకి నేరుగా వెళితే అది ఒక మంచి శోకగీతాల ఆల్బమ్, అంతే.

పాతక్యాసెట్టు

'అంతే' అనకండి. కొడుకో కూతురో అయిన ప్రతివాళ్ళకూ ఆ ఆల్బమ్ నేరుగానే తగులుతుంది. ముందు తెలియవలసింది ఏమీ లేదు.

లయకారి

మీ ఇద్దరి మధ్యకు రాను, 2018 నాటి 'హత్సుకోయ్' దగ్గరికి వెళతాను. జూన్ 27న, రంగప్రవేశం చేసిన ఇరవయ్యో ఏట వచ్చింది. మొదటి ఆల్బమ్ పేరు ఇంగ్లిష్‌లో ఏమిటో దీని పేరు జపనీస్‌లో అదే. పేరు చూసి తీపి జ్ఞాపకం అనుకుని వింటే ఆశ్చర్యపోతారు. 'హత్సుకోయ్' పాటలో గొంతు చాలాసేపు తాళం ఆసరా లేకుండా నిలబడుతుంది. గుండె దడ గురించిన పాటలో డ్రమ్స్ కొట్టుకోవడం లేదు, దడ అంతా మాటల విరుపులో ఉంది. చివరికి తంత్రీ వాద్యాలు అల్లకల్లోలంగా లేస్తాయి.

నాకు మరీ ఇష్టమైనది 'చికాయ్'. నేను మృదంగం నేర్చుకున్నవాణ్ణి. ఈ పాటను మొదట త్రిశ్రంలో, అంటే మూడేసిగా, లెక్కపెట్టుకుంటూ వెళితే కాసేపటికి చెవి చతురశ్రం వైపు, నాలుగేసి లెక్క వైపు, లాగుతుంది. పియానో ఒక లెక్కలో, డ్రమ్స్ మరో లెక్కలో నడుస్తున్నట్టు ఉంటుంది, గొంతు ఆ రెంటి మధ్య తన దారిన తాను పోతుంది. ఎక్కడా తాళం తప్పదు. ఈ ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించినవాళ్ళలో క్రిస్ డేవ్ ఉన్నాడు, గతిభేదాలతో ఆడుకోవడంలో అతనిది ఈ కాలపు గొప్ప చెయ్యి. పెళ్ళి ప్రమాణం గురించిన పాటకు ఇంత నిలకడలేని లయ ఎందుకు పెట్టిందా అని ఆలోచిస్తూ వింటే పాట ఇంకా లోతుగా తెరుచుకుంటుంది. 1998లో మాటను విరిచి లయకు అప్పగించిన పిల్లే ఇరవై ఏళ్ళకు లయను కూడా విరిచింది.

ఇదే ఆల్బమ్‌లో కొత్తిమీర మీద ఒక పాట ఉంది, 'పకుచీ నో ఉతా'. నిజంగా కొత్తిమీర మీదే. హాయిగా ఉంటుంది.

వానచినుకు

కొత్తిమీర పాట వెంటనే వినాలి! పైన 'ఎవాంజెలియన్' మాట వచ్చింది. ఆ సినిమాలు చూడకుండా ఆ పాటలు వింటే లోటు ఉంటుందా?

ఒసాకా మేఘం

లోటేమీ ఉండదు, చూస్తే మాత్రం ఇంకొకటి దొరుకుతుంది. నాలుగు సినిమాలు, పద్నాలుగేళ్ళు. 2007లో మొదటిదానికి 'బ్యూటిఫుల్ వరల్డ్'. రెండోదానికి అదే పాట మరో రూపంలో. 2012లో 'సకురా నగాషి'. 2021 మార్చిలో ఆఖరి సినిమాకు 'వన్ లాస్ట్ కిస్'. సినిమా 8న, రికార్డు 10న వచ్చాయి. ఆ రికార్డులో పాత పాటలన్నీ, 'బ్యూటిఫుల్ వరల్డ్' కొత్త రూపంతో సహా ఒకచోట చేర్చారు. ఆ ఏడాది ఆగస్టులో సినిమాలన్నీ ప్రైమ్ వీడియోలోకి రావడంతో మన దేశంలో కూడా చాలామంది చూశారు.

ఇక్కడ జనం ఆ సినిమాలు చూస్తూ పెద్దవాళ్ళయ్యారు. బడికి వెళ్ళే వయసులో మొదటిది చూసినవాళ్ళు తమ పిల్లలను ఇంట్లో పెట్టి చివరిదానికి వచ్చారు. లూవ్ర్‌లో మోనాలిసాను చూసినా చలించని మనసు ఒక మనిషిని మాత్రం మరవలేకపోవడం 'వన్ లాస్ట్ కిస్' మాటల్లో ఉంది. సంగీత నిర్మాత ఏ.జీ. కుక్‌తో కలిసి చేసిన శబ్దం. కింద బేస్ ఒకటే పనిగా పరుగెడుతుంటే గొంతు నిలకడగా ఉంటుంది. దుఃఖాన్ని పరుగు మీద పాడడం అప్పుడే మొదటిసారి కాదు గానీ, ఇంత ధైర్యంగా ఎప్పుడూ పాడలేదు.

నీలిగీత

అక్కడి నుంచి 'బ్యాడ్ మోడ్'కు ఒక్క అడుగే. 2022 జనవరి 19న, 39వ పుట్టినరోజున ముందుగా డిజిటల్‌గా విడుదలైంది. జపనీస్, ఇంగ్లిష్ రెండు భాషలూ సమానంగా నడిచిన మొదటి ఆల్బమ్ ఇది. అమెరికా కోసం ఒక పేరు, జపాన్ కోసం ఒక పేరు అన్న విభజన ఇక్కడితో పోయింది. అంతకుముందు ఏడాదే తాను స్త్రీ పురుష విభజనలో ఇమడనని కూడా ప్రకటించింది. చివర ఉన్న 'సమ్‌వేర్ నియర్ మార్సేయ్' దాదాపు 12 నిమిషాలు. ఫ్లోటింగ్ పాయింట్స్ అనే ఎలక్ట్రానిక్ సంగీతకారుడితో కలిసి చేసింది. ఎక్కడ కలుసుకుందాం, నీ ఊరికీ నా ఊరికీ మధ్యలో ఎక్కడో అన్న చిన్న మాట మీద పాట సాగుతూనే ఉంటుంది. వానచినుకు గారికి రెండు ఆల్బముల సంగీతం అంత దూరంగా అనిపించడానికి కారణం ఇదే కాబోలు. 'ఎక్సోడస్'లో వెతికింది 'అల్ట్రా బ్లూ'లో దొరికింది, 'ఫాంటోమ్'లో మనుషుల వాద్యాలతో కలిసింది, ఇక్కడ రెండూ పక్కపక్కన ఉన్నాయి.

గోదారిగట్టు

ఎవరైనా 2024 ఏప్రిల్‌లో వచ్చిన 'సైన్స్ ఫిక్షన్' సంకలనంతో మొదలుపెట్టమని చెబితే వినకండి. సంకలనం మంచిదే, అయితే అది తెలిసినవాళ్ళకు. 'అడిక్టెడ్ టు యూ', 'ట్రావెలింగ్', 'హికారి' మళ్ళీ కొత్తగా రికార్డు చేసింది. మరికొన్ని పాటలను కొత్తగా మిక్స్ చేయించింది. 18 ఏళ్ళప్పుడు పాడిన 'ట్రావెలింగ్'ను 41వ ఏట మళ్ళీ పాడితే, వసంత రాత్రి కల అన్న ఆ పాత ఉపమానం ఎక్కడ కూర్చుందో చూడాలంటే ముందు 2001 రూపం ఒంటబట్టాలి.

వానచినుకు

అందరికీ ధన్యవాదాలు. వరుసగానే వింటాను. 'ఎక్సోడస్' కూడా దాని చోట దాన్ని వింటాను, నీలిగీత గారి మాట ప్రకారం. 'డిస్టెన్స్'ను మాత్రం ఈ వారమంతా వదలను. లయకారి గారూ, 'చికాయ్' దగ్గరికి వచ్చినప్పుడు తాళం ఎక్కడ పట్టుకోవాలో మళ్ళీ అడుగుతాను. పాతక్యాసెట్టు గారూ, మీ కోసం ఒక్క మినహాయింపు. వరుసకు ముందు ఈ రాత్రి 'మనాత్సు నో తోరియామే' ఒక్కటి వింటున్నాను.

పాతక్యాసెట్టు

వినండి. దాని తరువాత ఫుజీ కేయికో పాడిన 'షింజుకు నో ఓన్నా' కూడా వినండి. 1969 నాటిది, ఆమె మొదటి పాట.